స్కోరు లేని వార్త

పోయిన ఆదివారం పొద్దున్నే పక్కింటి పిల్ల తెలుగు పేపర్ పట్టుకుని వచ్చింది. "బాజీ, నా గురించి వచ్చిందంట. చదివి చెప్తారా?"

కులం అడగకుండా నాకు ఇల్లు అద్దెకిచ్చిన గల్లీ ఇది, యాకుత్‌పురాలో. ఆ పిల్ల చదువు ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. మొన్న బాక్సింగ్ పోటీలో 4-1తో గెలిచింది.

పైకి చదివాను. బుర్ఖా గురించి రెండు వాక్యాలు. ఆటో నడిపే అబ్బా గురించి మూడు. ఇరుకు గల్లీల గురించి రెండు. పెళ్లి వద్దని ఇంట్లో కొట్లాడిందని ఒకటి, అది పచ్చి అబద్ధం. అంతే.

"స్కోరు?"

లేదు.

"ఎవరి మీద గెలిచిన్నో?"

అదీ లేదు. తెలుగులో డాక్టరేట్ చేసిన నేను ఆ ఎనిమిది వాక్యాల్లో ఆమె ఆటను వెతికి చూపించలేకపోయాను.

ఇది ఒక్క రిపోర్టర్ తప్పు కాదు మిత్రులారా. 2016లో సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆమె ఆత్మకథ వచ్చిన సందర్భంలో, సెటిల్ అయ్యేదెప్పుడు, పిల్లలెప్పుడు అని టీవీలో ఒక పెద్ద జర్నలిస్టు అడిగాడు. ఆమె నిలదీస్తే క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది రియోలో సింధు రజతం గెలిస్తే, తెలుగు రాష్ట్రాల జనం గూగుల్‌లో ఆమె కులం వెతికారు. 2022లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 5-0తో ప్రపంచ చాంపియన్ అయి వస్తే, ఆమెను హిజాబ్ మీద అడిగారు.

గెలిస్తే కులం వెతుకుతారు. ఓడితే కులం పెట్టి తిడతారు. 2021 టోక్యోలో మన మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడగానే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు పటాకులు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడారని తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీకి అదే మొదటి హ్యాట్రిక్.

ఇవన్నీ రాసి మీడియాను నాలుగు మాటలని ఊరుకుందామనుకున్నా. ఎందుకో రాత్రి నా పాత పోస్టు తీసి చూశా. 2024లో వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి గురించి రాసింది. కూలి చేసే అమ్మానాన్న, ఊరి వెక్కిరింపులు, పేదరికం అన్నీ ఉన్నాయి. కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిందన్న ముక్క మాత్రం లేదు. నేనూ ఆ పేపరాయన లెక్కనే రాశాను.

మన బాధలు రాయొద్దని అనను. కానీ ఆ బాధ వేరేవాళ్లు పెట్టింది. ఆ 55.07 మాత్రం ఆమె సొంత సంపాదన.

పోస్టు సరిచేశాను. పొద్దున ఆ పిల్లను కూర్చోబెట్టి, ఆమె చెప్తుంటే ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాశాను: ఎవరి మీద ఆడింది, ఏ రౌండ్‌లో ఏ దెబ్బ పడింది, 4-1. కింద తన పేరు ఉర్దూలో తనే రాసుకుంది. దాన్ని గోడకు అంటించింది.

విద్యార్థి మిత్రులారా, రేపు మీలో కొందరు పేపర్లలో, చానళ్లలో కూర్చుంటారు. ముందు స్కోరు రాయండి.

జై భీమ్.