పచ్చతేయాకు

నెల్లూరి తీరప్రాంతపు గృహములలో కాఫీకి చిరకాలముగా పెద్దపీట గలదు. తేనీరు పడవలపై వేటకు పోవువారును, ఉప్పుమళ్లలో పనిచేయువారును బజారున నిలువబడి త్రాగు పానీయముగా నుండెను. ఇటీవల నీ భేదము తారుమారైనది. పాలును, చక్కెరయు లేని పచ్చతేయాకు కషాయము, అనగా అందరును 'గ్రీన్ టీ' యని పిలుచునది, మైపాడు మొదలు కృష్ణపట్నము వరకు మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించినది. నలుగురు స్త్రీలు కూడినచోట దీని ప్రస్తావన రాకుండుట యరుదు. దీనివలన బరువు తగ్గునని యొకామె, మధుమేహము మాయమగునని మరియొకామె చెప్పుచుందురు. కొన్నియేండ్లుగా మా యింట దీని వాడుక యున్నందున, ఏది కొనవలెనని ఇరుగుపొరుగు వారు నన్నడుగుచుందురు. వారికి చెప్పుమాటలనే సోదరీమణులకును చెప్పుచున్నాను.

మొదట నొక భ్రమను తొలగించుకొనవలెను. పచ్చతేయాకు వేరొక మొక్క కాదు. బజారులోని నల్లని తేయాకుపొడియు, ఇదియు నొకే మొక్క చిగుళ్లే. కోసిన యాకును వాడనిచ్చి, నలిపి, గాలి తగులనిచ్చినచో నది రంగుమారి నల్లని తేయాకగును. కోసిన వెంటనే ఆవిరి పట్టించియో, బాణలిలో వేచియో ఆ మార్పు నాపినచో పచ్చదనము నిలుచును. జపానువారు ఆవిరిని, చీనావారు బాణలిని ఎక్కువగా నుపయోగింతురు. మన దేశమున నీలగిరులలోను, హిమాలయముల క్రింది కాంగ్రాలోయలోను మంచి పచ్చతేయాకు తయారగుచున్నది. కాంగ్రా తేయాకునకు 2005వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక నెన్నుకొనుట. పెట్టెమీది సుందరచిత్రమును గాక లోపలి యాకును చూడవలెను. మంచియాకు మెలితిరిగి, ముక్కలు కాక, పచ్చగానో బూడిదపచ్చగానో యుండును. గోధుమరంగునకు దిగినచో ప్రాతబడినదని యెరుగవలెను. ముక్కునకు లేతగడ్డి వాసనయో, వేచిన గింజల వాసనయో తగులవలెను గాని బూజుకంపు తగులరాదు. మల్లె, నిమ్మ మొదలగు పరిమళములు చేర్చినవి చెడ్డవని కాదు; కాని నాసిరకపు టాకును కప్పుటకు ఘాటైన వాసన సులభోపాయము. కావున మొదటిసారి పరిమళము చేర్చనిదానినే కొనుడు. త్రాగినపిమ్మట గిన్నె యడుగున విచ్చుకొన్న యాకులను చూడుడు. మొగ్గయు, దానిక్రింది రెండు లేతయాకులును కనబడినచో మీ ధనము వ్యర్థము కాలేదు. ముదురాకుల తునకలును, కాడలునే కనబడినచో మరుసటిసారి ఆ సరకు వలదు. చన్నీటిలో వేసిన తక్షణమే రంగు చిమ్మునదియు సందేహింపదగినదే. నిజమైన యాకు చన్నీట మెల్లగా మాత్రమే రంగు విడుచును. కట్టిన తేదీని, ఆహారభద్రతా సంస్థవారి పదునాలుగంకెల అనుమతిసంఖ్యను చూచుట మరువకుడు.

తీరవాసులమగు మనకు కొనుటకంటె దాచుట కష్టము. కార్తిక మార్గశిరములలో వాయుగుండములు పట్టినపుడు అప్పడములు మెత్తబడుటయు, ఉప్పు నీరగుటయు మన మెరిగినదే. తేయాకు తేమనేకాక పొరుగు వాసనలను గూడ పీల్చును. ఇంగువడబ్బా ప్రక్కనో, ఎండుచేపల బుట్ట దాపుననో ఉంచితిమా, దాని గుణము వారము దినములలో నశించును. అందుచే చిన్నపొట్లమునే కొని, బిగుతైన మూతగల రేకుడబ్బాలో పోసి, పొయ్యికి దూరముగా చీకటిచోట నుంచి, రెండు మూడు మాసములలో ముగించుట మేలు. తడిచెంచా తగులనీయరాదు.

నీటి విషయమును గూడ చెప్పవలెను. సముద్రమునకు దగ్గరి బావులనేకము ఉప్పుచవి గలవి. సున్నపుపాలు హెచ్చుగా నున్న నీట ఈ కషాయము మసకబారి, రుచి చచ్చిపోవును. వంటకు తెచ్చుకొను మంచినీటినే దీనికిని వాడుడు. నీరు తెర్లుచుండగా పోసినచో చేదు పుట్టును. డెబ్బదియైదు, ఎనుబది డిగ్రీల వేడి చాలును. చీనావారు నీరు కాగుచుండ లేచు బుడగలను చూచి రొయ్యకన్ను, పీతకన్ను, చేపకన్ను అని పేరులు పెట్టిరట! రొయ్యలను, పీతలను దినమును చూచు మనకీ గురుతు సులభము. రొయ్యకన్నంతటి బుడగలు అడుగున లేచునపుడే దింపవలెను. నీరు శుద్ధమగునో కాదో యను శంక యున్నచో బాగుగా తెర్లించి, మూత తీసి యైదునిమిషములు చల్లార్చుడు. గిన్నెడు నీటికి రెండుగ్రాముల యాకు వేసి, రెండు మూడు నిమిషములకు వడగట్టవలెను.

పెన్నయొడ్డున పల్లిపాడులో 1921వ సంవత్సరమున సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిన గాంధీమహాత్ముడు తాను తేనీరు మానినవాడు. ఆయన 1942లో నిర్బంధమున నున్నపుడు ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్నపుస్తకమున, ఆకుపై వేడినీరు పోయగా గడ్డిరంగున దిగిన తేటలో హాని లేదనియు, మరగించుటవలన దిగు వగరే కీడు చేయుననియు చెప్పెను. పచ్చతేయాకు కాచువారికి నేటికిని ఆ గడ్డిరంగే గురుతు.

దీనివలని లాభమెంత? జపానులో ఒహ్సాకి ప్రాంతమున 40,530 మందిని పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితములనుబట్టి, దినమునకు ఐదుగిన్నెలును, అంతకుమించియు త్రాగువారిలో గుండెజబ్బులవలని మరణములు తక్కువ. ఆ భేదము స్త్రీలలో మరింత స్పష్టము. క్యాన్సరు మరణములలో మాత్రము భేదము కానరాలేదు. ఇది పరిశీలనయే గాని రుజువు కాదు. అట్లు త్రాగువారి తిండియు, నడకయు వేరై యుండవచ్చును. రక్తములోని చెడుకొవ్వు స్వల్పముగా తగ్గునని ఇతర పరీక్షలలో తేలినది. బరువు విషయమున 2012లో అనేక పరీక్షలను కలిపి చూచిన వైద్యపండితులు, తగ్గుదల లెక్కింపదగినంత లేదనిరి. మధుమేహమునకు మందు మాని దీనిని నమ్ముకొనుట ప్రాణాపాయము. చక్కెరవేసిన పానీయమునకు బదులుగా త్రాగినచో ఆ చక్కెర తప్పును. అది మాత్రము నిశ్చయమైన లాభము.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచినది. మా పొరుగున నొక చిన్నది రెండవ కాన్పు తరువాత పాలిపోయి, మెట్టెక్కిన నాయాసపడుచుండెను. "అక్కా, మాత్రలు మింగుతూనే ఉండాను, రక్తం పట్టడంలేదే" యని వాపోయినది. అన్నము తినిన వెంటనే యినుపమాత్రను వేడి పచ్చతేనీటితో మింగుచున్నదని అడుగగా తెలిసినది. తేయాకులోని వగరు, ఆకుకూరలలోను, పప్పులలోను, మాత్రలోను గల యినుమును పట్టుకొని రక్తమున చేరనీయదు. వైద్యురాలు మాత్రను మంచినీటితో వేసికొని, తేనీటిని భోజనమునకు దూరముగా త్రాగుమని చెప్పి, తోటకూరయు, చేపయు, నిమ్మరసమును చేర్చుమనెను. మూడుమాసములకు ఆ పిల్ల మొగమున కళ వచ్చినది. 2019–21 నాటి కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వరకుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. కనుక ఇది ఒక యింటి కథ కాదు.

కూనూరు తేయాకుకొండలలో 1918లో పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహారసంస్థ సంకలనము చేసిన 2024 నాటి ఆహారసూత్రములలో, భోజనమునకు ముందును, వెనుకను కనీస మొక్కొక్క గంట కాఫీ తేనీరులు వలదని యున్నది. ప్రతి స్త్రీయు దీనిని గుర్తుంచుకొనవలెను. పచ్చతేయాకులోను కెఫీన్ కలదు. గర్భిణులు కాఫీతో కలిపి లెక్కించుకొని మితముగా త్రాగవలెను. నిద్రపట్టనివారు సాయంకాలము తరువాత మానవలెను. రక్తము పలుచబడుటకు మందు తినువారు వైద్యుని అడిగియే వాడవలెను. బరువు తగ్గుటకని అమ్ము పచ్చతేయాకు సారపు మాత్రలను దరిజేరనీయకుడు. గిన్నెలో కాచినది వేరు, సారము వేరు. అట్టి మాత్రలవలన కాలేయము చెడిన రోగులున్నారు. సెగలు గ్రక్కునట్లు త్రాగుటయు కూడదు. అరువదియైదు డిగ్రీలకు మించిన వేడిపానీయములు అన్ననాళమున క్యాన్సరునకు కారణము కావచ్చునని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పండితులు 2016లో హెచ్చరించిరి.

మంచియాకు దొరికినచో, ఉదయపు పలహారమైన గంటకు గాని, మధ్యాహ్నము మూడుగంటలకు గాని ఒక గిన్నె త్రాగుడు. పనుల నడుమ కొంత విశ్రాంతియు, మనసునకు తేటయు కలుగును. అంతకుమించి దానినుండి కోరకుడు. మజ్జిగకును, రాగియంబలికిని, పిల్లల పాలకును పోవు ధనమును తగ్గించి దీనిని కొనవలసిన యగత్యము ఏ యింటికిని లేదు. పొట్టకు తిండి పెట్టిన పిమ్మటనే గిన్నెకు తేయాకు.