ఏటి... ఏంటండీ... ఫ్రెంచీ!

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో వినిపించే ‘ఏటి’ కాస్తా యానాం చేరేసరికి ‘ఏంటండీ’ అవుతుంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరది. ఆ ఫ్రెంచికీ యాసలున్నాయి!

‘నాకు తెలీదు’ అనడానికి పుస్తకంలో ‘జ న సే పా’ అని ఉంటుంది. మాటల్లో అది ‘షే పా’! ఫ్రాన్స్‌కు చదువుకెళ్లిన పిల్లలు తెల్లమొహం వేసేది ఇక్కడే. డెబ్భైని పారిస్‌లో ‘అరవై-పది’ అన్నట్టు ‘సువసాంత్ దీస్’ అంటారు. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో ‘సెప్తాంత్’ అంటారు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో మారిషస్ వెళ్లిన తెలుగువారికి అబ్బిన క్రియోల్‌కూ మూలం ఫ్రెంచే.

అందుకే ముందు చెవికి పని చెప్పాలి. రోజూ కాసేపు విని, విన్నది విన్నట్టే పైకి అనాలి. అప్పుడే నోరు తిరుగుతుంది!