పరుల పనినుండి సొంత సరుకునకు

ఈ సంవత్సరపు సంచికకు పూర్వవిద్యార్థులెవరైన తమ వృత్తినిగూర్చి వ్రాయవలెనని సంపాదకులు కోరిరి. నా వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట. ఇది నేడు వింతగొలుపు వృత్తి కాదు. ఈ సంచిక చదువు తలిదండ్రులలో పెక్కుమందికి ఇట్టి పిల్లవాడొకడు ఇంటనో బంధువులయింటనో ఉండియే యుండును. అయితే నేను ఏ సంస్థలోను ఉద్యోగిని కాను. మొదట ఆరేండ్లు, కోరినవారికి కోరిన ప్రోగ్రామును కూలికి వ్రాసియిచ్చితిని. తరువాత ఆ పనిని తగ్గించుకొని, నా సొంత ప్రోగ్రామొకటి తయారుచేసి అమ్ముకొనుచున్నాను. ఒకే మనుష్యుడు, ఒకే బల్ల, ఒకే యంత్రము. అయినను ఈ రెండును ఒక వృత్తి కావని నాకు తోచినది. ఆ సంగతియే వ్రాయుచున్నాను.

కూలి అను మాటను నేను చులకనగా వాడుటలేదు. సూర్యారావుపేటలో మేడమీది చిన్నగదిలో నా పని రాత్రివేళ సాగెడిది. వేసవిలో మనకు రాత్రి పదిగంటలైనప్పుడు కెనడా పడమటి తీరమున ఉదయము తొమ్మిదిన్నర. అచ్చట నొక దంతవైద్యునికి రోగుల వంతులు వ్రాసికొను ప్రోగ్రాము, ఆస్ట్రేలియాలో కుక్కల ఆహారమమ్ము నొక వర్తకునికి సరుకుల పట్టిక, ఇట్టివి చేసితిని. మమ్ములను కలిపిన మధ్యవర్తి సంస్థ పదింట నొకవంతు తీసికొనెడిది. పనికి హద్దు కలదు. ఏమి కావలెనో కాగితముమీద నుండును. అది ముగిసిన సొమ్ము వచ్చును, నిద్ర వచ్చును. దర్జీవాడు కొలత తీసి చొక్కా కుట్టి యిచ్చినట్లే. కాని ఆ దంతవైద్యుని గదిలో నా ప్రోగ్రామును ఎవరు తెరచుచున్నారో, దానితో విసుగుకొనుచున్నారో సంతోషించుచున్నారో నేనెన్నడును ఎరుగను.

ఇందులో చట్టసంబంధమైన విషయమొకటి కలదు. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములో, 1984లో చేసిన సవరణమువలన, కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులలో చేరినది. మా తెలుగు పండితులవారు వినిన నవ్వుదురేమో గాని, చట్టము దృష్టిలో తవుడు లెక్కల ప్రోగ్రామును ప్రబంధమును ఒకే పంక్తిని కూర్చుండును! ఉద్యోగి వ్రాసినది సాధారణముగా యజమానిది. బయటనుండి వ్రాసినవానిది మాత్రము, వ్రాతమూలకముగా బదిలీచేయనంతవరకు, వానిదే. కాని ఆ బదిలీవాక్యము లేని ఒడంబడికను నేనింతవరకు చూడలేదు. ఆరేండ్లలో ముప్పదికి పైగా ప్రోగ్రాములు వ్రాసితిని; మరల అమ్ముటకు నాకు హక్కున్నది అందులో ఒక్కటియు లేదు. ఇందెవరి అన్యాయమును లేదు. తెలిసియే సంతకము చేసితిని, తగిన సొమ్మే పుచ్చుకొంటిని.

మన ప్రాంతమునకు ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. ఈ తీరమున కంపెనీల దళారులు నేతగాండ్రకును అద్దకపువారికిని బయానా లిచ్చి, సీమనుండి వచ్చిన మచ్చు చూపి, అట్టి బట్టలే చేయించుకొనెడివారు. పువ్వు ఎట్లుండవలెనో లండనులో నిర్ణయమగును, రంగు మాత్రము ఇచ్చట పడును. బయానా ఋణమైనప్పుడు పనివాడు మరియొకనికి అమ్మజాలడు. నేటికిని పెడనలో అచ్చులతో కలంకారీ అద్దుచున్నారు. ఆ పనితనముముందు నా పనితనమెంత? అయినను వారి చేతిలోని నేర్పు ఎన్ని తరములు పరుల మచ్చునకు కట్టుబడియుండెనో తలచిన ఆశ్చర్యమగును.

ఇందుకు ప్రతిగా నాకు తోచు పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. కృష్ణాజిల్లాలో పుట్టి, బొంబాయిలో పరుల వ్యాపారసంస్థలో పనిచేసి, 1893లో అమృతాంజనమును తయారుచేయసాగిరి. తలనొప్పికి ఇట్టి మందు చేసి పెట్టుమని ఆయనకు ఎవరును మచ్చు పంపలేదు. ఆ డబ్బాలవలన వచ్చిన ధనమే 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమయ్యెను. నా వృత్తిలోనే చూచినను, అమెరికాలో షికాగో నగరపు థర్టీ సెవెన్ సిగ్నల్స్ అను చిన్న సంస్థ 1999నుండి ఇతరులకు వెబ్‌సైట్లు రూపొందించుచుండి, తమ పనులను తామే సరిచూచుకొనుటకు చేసికొన్న ప్రోగ్రామును 2004లో బేస్‌క్యాంప్ అను పేర అమ్మకమునకు పెట్టి, క్రమముగా కూలిపనిని మానుకొనెను. వీరి కథలు నేను చదివితిని గాని, నాకు దారి చూపినది మాత్రము మా నాన్నగారు గుమాస్తాగా నుండిన గుడివాడ వైపు బియ్యపుమిల్లు.

మిల్లులో రెండువిధముల పని జరుగును. ప్రభుత్వము కొన్న ధాన్యమును మరపట్టి బియ్యముగా అప్పగించుట యొకటి. పచ్చిబియ్యమైనచో నూరు కిలోల ధాన్యమునకు 67 కిలోలు ఇయ్యవలెను. నూకలు, తవుడు, ఊక మిల్లువానికి మిగులును. మరకూలి కొంత వచ్చును. రెండవది, రైతువద్ద సాంబమసూరి వంటి ధాన్యమును తానే కొని, మరపట్టి, తన పేరును తన బొమ్మయు అచ్చువేసిన సంచిలో నింపి అమ్ముట. "కూలిమరలో ధర పడిపోవునను భయము లేదు. సంచిమీద ఫోను నంబరు వేసికొన్నవానికి నిద్ర తక్కువ" అని నాన్నగారు అనెడివారు. హైదరాబాదులో ఒక ఇల్లాలికి అన్నము ముద్దయైన, ఆ నంబరునకే మాట వచ్చును గదా!

2019లో ఆ మిల్లు యజమాని తన లెక్కలకు ప్రోగ్రాము వ్రాసిపెట్టుమని నన్నడిగెను. 75 కిలోల బస్తాలెన్ని, కాటా ఎంత, తేమ 17 శాతమునకు మించెనా, మించిన తరుగెంత, సంచులు ఎవరివి, హమాలీల కెంత: ఇదంతయు నాన్నగారి చేతివ్రాతలో నేను చిన్ననాడు చూచినదే. 80 వేల రూపాయలు ఇచ్చెదననిరి. నేను సగమే పుచ్చుకొందును, ప్రోగ్రాము మాత్రము నాదిగా నుండవలెను, ఇతరులకును అమ్మెదనంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. "నా లెక్కల గుట్టు పక్క మిల్లుకు పోదు కదా అబ్బాయీ?" అనిరి. లెక్కవేయు పద్ధతి వేరు, ఆయన అంకెలు వేరు అని ఒక పూట కూర్చుండి చూపితిని. ఒక సంవత్సరము ఆ ఊరిలో మరియొకరికి అమ్మరాదను నియమముతో ఒప్పుకొనిరి.

ఇక ఇంటి సంగతి. రాత్రిపనివలన నెలకు 90 వేలవరకు వచ్చెడిది. సొంత ప్రోగ్రామువలన మొదటి సంవత్సరమంతయు కలిసి లక్షా పదివేలు. అప్పటికి మాకు పాప పుట్టి నాలుగు నెలలు. నా భార్య ఉపాధ్యాయిని, లెక్క తెలిసినది. కూడబెట్టినది పదునాలుగు నెలలకు చాలునని తేల్చి, గడువు తేదీని క్యాలెండరులో ఎఱ్ఱసిరాతో చుట్టినది. ఆనాటికి నిలువనియెడల మరల పూర్తిగా రాత్రిపనికి పోవలెను. వారమునకు రెండు రాత్రులు కూలిపని నిలుపుకొంటిని. ఇది ధైర్యవంతుల లక్షణము కాదని కొందరు మిత్రులు పరిహసించిరి. పాలవాని బాకీ వారు తీర్చువారు కారు.

గడువునకు మూడు నెలలుండగా, 2020 వేసవిలో, కరోనా దినములలో, పాత ఆస్ట్రేలియా వర్తకుడు ఏడాదిపాటు పూర్తిపని ఇచ్చెదనని కబురుచేసెను. అందరి పనులు పోవుచున్న కాలము. ఒప్పుకొమ్మని నాన్నగారు స్పష్టముగా చెప్పిరి. నా భార్య మాత్రము, "ఎఱ్ఱగీత ఇంకను రాలేదు గదా" అని ఊరకుండెను. అప్పటికి అయిదు మిల్లులు నా ప్రోగ్రాముతో దాళ్వా ధాన్యము దింపుకొనుచుండెను. నేను పోయి చూచుటకు వీలులేక ఫోనులోనే అన్నియు సరిదిద్దుచుంటిని. ఒప్పుకొన్నచో ఆ ఫోనులెవరెత్తుదురు? ఆ పని వలదంటిని. నాన్నగారు రెండుదినములు నాతో సరిగా మాటలాడలేదు.

దీనికంటె కష్టమైనది మరియొకటి వచ్చెను. కైకలూరు ప్రాంతమున నొక పెద్దమనిషి, మాకు వరుసకు బాబాయి, మిల్లుతోబాటు చేపలచెరువులును ఐసు ఫ్యాక్టరీయు గలవారు. చెరువుల మేతలెక్కయు ఐసుదిమ్మల లెక్కయు ఇందులోనే చేర్చుమని, 60 వేలు బల్లమీద పెట్టిరి. ఆ సొమ్ముతో గడువు జరుగును. కాని ఒకరికి ఐసు, ఒకరికి లారీలు, ఒకరికి వడ్డీవ్యాపారము చేర్చుచు పోయిన, అది సరుకు కాదు. కొలత తీసి కుట్టిన చొక్కాయే. "బాబాయిగారూ, ఇది బియ్యపుమిల్లుకే" అంటిని. ఆయన సొమ్ము తీసికొని లేచిరి. నేటికిని పెండ్లిండ్లలో కనబడిన ఆప్యాయముగా పలుకరింతురు గాని లెక్కల మాట ఎత్తరు.

సొంత సరుకన్న స్వాతంత్ర్యమని విద్యార్థులు తలంతురు. 2022 జూలై 18 నాటి సంగతి వినుడు. ముందే సంచికట్టి పేరువేసిన బియ్యమునకు 25 కిలోలవరకు 5 శాతము జి.ఎస్.టి. ఆనాటినుండి అమలయ్యెను. అంతకు మించిన సంచికి పన్ను లేదు. వెంటనే పలువురు మిల్లువారు 26 కిలోల సంచులు కుట్టించిరి! నా ప్రోగ్రాములో 26 అను అంకెకు చోటులేదు. ఆ వారము అందరును ఒక్కమారే ఫోనుచేసిరి. కూలిపనిలో నైన ఇది క్రొత్త పని, క్రొత్త బిల్లు. ఇచ్చట ఎవరును ఏమియు అదనముగా ఇయ్యనక్కరలేదు; వారు సంవత్సరమున కిచ్చు రుసుములోనే ఇదియు నున్నది. మూడు రాత్రులు కూర్చుండి మార్చితిని. కెనడా వైద్యునికొరకు మేల్కొనిన రాత్రులకంటె అవి తక్కువ పొడవైనవి కావు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరమును ముంచినప్పుడు మేము అచ్చటనే అద్దెకుంటిమి. ప్రకాశం బ్యారేజివద్ద పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోవుచున్నదని చెప్పుకొనుచుండిరి. క్రింది భాగము మునిగినది, కరెంటు లేదు, కంప్యూటరును పాపను మేడమీదికి చేర్చి, ఫోనులో మిగిలిన కొద్ది బ్యాటరీని దాచుకొంటిమి. మొదట వచ్చిన ఫోను పామఱ్ఱు వైపు మిల్లు గుమాస్తాది. ప్రోగ్రాములో ఏదో చిక్కు వచ్చియుండునని భయపడితిని. "పడవ వచ్చిందా, పాలు ఉన్నాయా బాబూ?" అని అడిగిరి. తరువాత, కొంచెము సంకోచించి, నిన్నటి బిల్లు అచ్చుకావడము లేదనియు చెప్పిరి! ఆరు దినముల తరువాత గాని ఆ బిల్లు సరిచేయలేకపోతిని. ఆ ఆరు దినములు వారు చేతితో వ్రాసికొనిరి.

ఇప్పుడు 23 మిల్లులు నా ప్రోగ్రామును వాడుచున్నవి. ఆదాయము పాత రాత్రిపని ఆదాయమును గత సంవత్సరమే దాటినది. వారమునకొక రాత్రి కూలిపని ఇంకను చేయుచున్నాను. తేమ కొలుచు యంత్రపు అంకెలు నేరుగా ప్రోగ్రాములోనికి వచ్చు ఏర్పాటును సార్వా కోతలు మొదలగులోపల ముగింపవలెను. ఇద్దరు మిల్లువారు అప్పుడే అడిగిరి. మూడవవారు నాన్నగారితో చెప్పించిరి.