నైజర్ ఒడ్డున నేల ఎవరిది?

గినీ కొండల్లో నైజర్ నది పుట్టిన చోటికి సముద్రం 240 కిలోమీటర్ల దూరమే. అయినా నది ఎడారి వైపు సాగి, 4,180 కిలోమీటర్లు చుట్టి గానీ సముద్రం చేరదు. 1975లో లాగోస్ ఒప్పందంతో పుట్టిన ఎకోవాస్ ఈ దారిలోని దేశాలన్నిటినీ ఒకే ఆర్థిక కూటమి చేసింది. సరుకుకూ పెట్టుబడికీ దారులు తెరుచుకున్నాయి. భూమి చట్టం మాత్రం ఏ దేశానిది ఆ దేశానిదే.

మాలిలో సెగూ దాటాక మార్కాలా ఆనకట్ట వస్తుంది. దాని కింది ఆయకట్టును చూసే 'ఆఫీస్ డు నైజర్' సంస్థను ఫ్రెంచి పాలకులు 1932లో పత్తి కోసం పెట్టారు. ఇప్పుడక్కడ వరి పండుతోంది. నేల ప్రభుత్వానిది, నీటితీరువా కట్టలేని రైతుకు మడి దక్కదు. అలాంటి చోట 2008లో లిబియా పెట్టుబడితో వచ్చిన మాలిబియా సంస్థకు లక్ష హెక్టార్లు రాసిచ్చారు. లిబియా ఎకోవాస్ దేశం కాదు. కానీ సహెల్-సహారా కూటమిలో మాలితో పాటు సభ్యురాలు. కాలువ తవ్వకంలో పల్లెల ఇళ్లూ తోటలూ పోయాయి. 2011లో లిబియా పాలకుడు గడాఫీ పతనంతో పథకం ఆగింది. గ్రామ భూసంఘాలకు చోటిచ్చి, ఆచారపు హక్కును గుర్తించిన వ్యవసాయ భూమి చట్టం మాలిలో 2017లో గానీ రాలేదు.

దిగువన నైజర్ దేశం 1993 నాటి గ్రామీణ స్మృతిలోనే ఆచారపు హక్కుకూ రాతహక్కుకూ సమాన రక్షణ ఇచ్చింది. నైజీరియాలో లోకోజా దగ్గర బెన్యూ వచ్చి కలుస్తుంది. అక్కడ 1978 చట్టం రాష్ట్రంలోని భూమిని గవర్నర్ చేతిలో పెట్టింది. ప్రజావసరం పేరిట భూమి తీసుకుంటే పంటకూ కట్టడానికీ పరిహారం వస్తుంది, నేల విలువ రాదు. చమురు పారే డెల్టా రైతుకు ఇది పెద్ద దెబ్బ.

కంపెనీలు, తాకట్టు, మధ్యవర్తిత్వం మీద ఉమ్మడి చట్టాలు చేసే ఒహాడా ఒప్పందం 1993లోనే కుదిరింది. గినీ, మాలి, నైజర్ అందులో ఉన్నాయి, నైజీరియా లేదు. ఆ ఒప్పందం పెట్టుబడిదారుకు ఒకే చట్టం చూపింది, సాగుదారు భూమి హక్కు జోలికి పోలేదు. 2025 జనవరి 29న మాలి, నైజర్, బుర్కినా ఫాసో ఎకోవాస్‌ను వీడాయి. కూటములు మారినా సాగుదారు అక్కడే ఉంటాడు. అందుకే ఏ కూటమైనా పెట్టుబడికి తలుపు తీసేముందు ఊరి హక్కును రికార్డులో రాయించాలి, ఊరి సమ్మతిని షరతు చేయాలి. అది లేని కౌలు పత్రం న్యాయమైన ఒప్పందం కాదు.