లాల్‌దర్వాజానుండి చూచిన సైకిలు పందెము

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా ప్రాంతమున కాపురముండు మాకు దూరమనగా నయాపూలు. మూసీ దాటినచో ఊరు దాటినట్లే యని మా అత్తగారి యభిప్రాయము. అట్టి యింట 2019వ సంవత్సరమున పదిదినములపాటు ఐరోపాఖండమును గూర్చియే ముచ్చట సాగినదన్న సోదరీమణులు నవ్వుదురేమో!

పందెము పేరు ట్రాన్స్‌కాంటినెంటల్. ఆ యేడు బల్గేరియాలో నల్లసముద్రపు టొడ్డున నున్న బుర్గాసు పట్టణమున బయలుదేరి, ఫ్రాన్సుదేశపు పడమటికొన యందలి బ్రెస్టు చేరవలెను. దూరము ఇంచుమించు 4,000 కిలోమీటర్లు. నడుమ నాలుగు మజిలీలు తప్పక తాకవలెను. తక్కిన దారి యెవరిది వారే యెన్నుకొందురు. ఒంటరిగా పోవువారికి వెంట బండి యుండదు, అన్నము తెచ్చియిచ్చువా రుండరు. అంగడిలో కొని తినవలెను, దొరికినచోట పరుండవలెను. గడియారము మాత్రము ఆగదు. ఒక్కొక్కరివద్ద నుండు చిన్న యంత్రమువలన వారి యునికి పటముపై చుక్కగా కనబడుచుండును. ఇంటనుండి పందెము చూచుట యనగా ఆ చుక్కలను చూచుటయే.

జూలై 27వ తేదీ శనివారము పందెము మొదలైనది. మరునాడు మా సింహవాహినీ మహంకాళి బోనాలు. గుడినుండి వచ్చి కాళ్లు కడుగుకొనునంతలో మా మరిది కూతురు ఫోను పట్టుకొని కూర్చుండెను. పదునారేండ్ల పిల్ల. ఆమె చూపిన చుక్క ఫియోనా కోల్బింగరుది. జర్మనీదేశస్థురాలు, ఇరువదినాలుగేండ్ల క్యాన్సరు పరిశోధకురాలు. ఇట్టి పందెమున పాల్గొనుట అదియే మొదటిసారి. పోటీలో నున్నవారు 260కి పైబడి, అందు మగవారే పెక్కుమంది.

“ఒక్కతే పోతున్నదా? రాత్రిపూట ఎక్కడ పండుకుంటది?” అని అత్తగారడిగిరి. అది మొదలు ఆమెకును నిద్ర లేదు. తెల్లవారుజామున లేచి, “చుక్క కదుల్తలేదు, పడిపోయిందేమో!” యనుచు పిల్లను లేపెడివారు. చుక్క నిలిచిన నిద్రయో, ఆకలియో, చక్రము చెడినదో యెట్లు తెలియును? ఆ యమ్మాయి రాత్రికి నిద్రించునది ఇంచుమించు నాలుగు గంటలేనట. ఆల్ప్సు కొండల మజిలీలో మాత్రము పియానో కనబడగా కూర్చుండి వాయించినదట. అది విని అత్తగారు ఫక్కున నవ్విరి.

ఆగస్టు 6వ తేదీ మంగళవారము, మాకు పగలు పదకొండు దాటినపుడు, ఆమె బ్రెస్టు చేరెను. 10 దినముల 2 గంటల 48 నిమిషములు! మగవారికన్నను ముందు, అందరికన్నను ముందు. రెండవవాడగు బెన్ డేవీసు చేరునప్పటికి మా యింట రాత్రి భోజనములును ముగిసినవి.

ఆ రాత్రియే పిల్ల యడిగినది, అన్న సైకిలుపై చార్మినారు వరకు పోవుదునని. తొక్కుట వచ్చును గాని గల్లీ దాటరాదని కట్టుబాటు. వలదన్నది అత్తగారు కారు, మేమే. “బుర్గాసు పిల్లకు లేని భయం దీనికెందుకు? దుకాణాలు తెరువకముందు పోయి రానీ” యని ఆమెయే తీర్చిరి. మాకు సిగ్గనిపించినది.

ఆగస్టు 11, ఆదివారము తెల్లవారుజాము. మరునాడు బక్రీదగుటచే దారి నిండ మేకలు, పొట్టేళ్లు. మేము శాలిబండ గడియారపు స్తంభముకడ నిలిచితిమి. పిల్ల మందల నడుమ గంట మ్రోగించుచు పోయి మక్కామసీదు వైపున కనుమరుగయ్యెను. చూచుటకు మాకు చుక్కయైనను లేదు. ఇంటినుండి అత్తగారు రెండుమారులు ఫోను చేసిరి.

అరగంటకు వచ్చినది. చెప్పు జారిపడగా పొట్టేలొకటి దానిని నమలుచుండెనట, విడిపించుకొనుటకే ఆలస్యమైనదట.