అడ్డపొగ ఊళ్ళో అంగిలి పరీక్ష

శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార గ్రామం. రామమందిరం అరుగు మీద దంతవైద్య శిబిరం పెడితే వరసలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అరవై దాటిన ఒక మామ్మ చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగింది. తర్వాత నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసేసింది. అలాగే ఉంచుకుని పక్కామెతో చేపల ధర మాట్లాడుతోంది కూడా!

"ఎందుకిలా తాగుతారు మామ్మా?" అంటే చుట్ట తీసి నవ్వింది. "గాలికి ఆరిపోదు బాబూ. సంటోడు సంకలో ఉన్నా నుసి మీద పడదు. మా యమ్మా ఇలగే తాగీది."

ఇదే అడ్డపొగ. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళకు ఎక్కువగా బుగ్గ లోపల క్యాన్సర్ వస్తే, ఇక్కడివాళ్ళకు అంగిలి మీద వస్తుంది. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన ఫాలీ మెహతా, వాళ్ళ సహచరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించి 1971లోనే ఈ సంగతి లోకానికి చెప్పారు.

మామ్మ నోరు తెరిచింది. డాక్టరమ్మ టార్చి వేసి నన్నూ చూడమంది. గులాబీ రంగులో ఉండాల్సిన అంగిలి తెల్లగా మందమెక్కి ఉంది. దాని మీద ఎర్రటి చుక్కలు. అవి వేడికీ పొగకీ వాచిన చిన్న లాలాజల గ్రంథుల మూతులట. తర్వాత వచ్చినామెకు పళ్ళ వెనక చిన్న ఎర్రమచ్చ కనిపించింది. నొప్పి లేదు, మంట లేదు. డాక్టరమ్మ మాత్రం అక్కడే ఆగిపోయింది. "తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చంటేనే నాకు భయం. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంది.

ఆ ముక్కలో వెతికేది ఒక సరిహద్దును. అంగిలి పైపొర కింద పల్చటి పొర ఒకటి ఉంటుంది. పొగాకులోని విషాలు ఏళ్ళ తరబడి కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంటే, పీ53 లాంటి కాపలా జన్యువులు ఒక్కొక్కటే పాడవుతాయి. చెడిన కణం చావాల్సింది పోయి రెండవుతుంది. ఆకారం మారిన కణాలు పైపొరలోనే ఉన్నంతకాలం అది ముందస్తు దశ. అవి కింది పొరను కరిగించి లోపలికి దిగాయా, ఇక అది క్యాన్సర్. అంగిలికి ఎముక దగ్గర కాబట్టి అది పెరిగితే ఎముకను తినేసి ముక్కులోకి దారి చేసుకోగలదు.

అక్కడి నుంచి కొన్ని కణాలు శోషరస నాళాల్లో పడి దవడ కింద, మెడలో ఉన్న గ్రంథులకు చేరతాయి. కొన్ని రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా పోతాయి. దారిలో చాలావరకు చచ్చిపోతాయి. మిగిలినవైనా ఎక్కడ పడితే అక్కడ పెరగవు. లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లోనే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళ వివరాలు పరిశీలించి, విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా అనుకూలించాలని రాశాడు. అలా ఊపిరితిత్తుల్లో మొలిచినా అది అంగిలి క్యాన్సరే, వైద్యమూ ఆ లెక్కనే చేస్తారు.

ఇంత కథా నడవడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుంది. కడుపులోనో కాలేయంలోనో అయితే ఆ ఏళ్ళన్నీ కంటికి కనబడకుండా పోతాయి. నోట్లో అలా కాదు. టార్చి వేస్తే కనబడేదాన్ని కూడా ముదిరాకే చూస్తున్నామంటే అది రోగం తప్పు కాదు. పొగాకు మాన్పించడం కుదరదనే మాటా నిజం కాదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్ళ మధ్య పనిచేసిన బృందం 1986లో ఫలితాలు ప్రకటించింది. నచ్చజెప్పినచోట మానినవాళ్ళూ పెరిగారు, కొత్తగా తెల్లమచ్చలు రావడమూ తగ్గింది.

మీ ఇంట్లో చుట్ట తాగే పెద్దవాళ్ళుంటే, ఈ వారమే ఒకసారి నోరు తెరిపించి చూడండి. ఎర్రమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.