సినిమాలో దయ్యం, మన గూడెంలో వేల్పు



మా హాస్టల్లో శనివారం రాత్రి ఒక ఫోన్, దాని చుట్టూ పది తలకాయలు. ఈమధ్య అన్నీ దయ్యం సినిమాలే. వాటన్నిటికీ తాతలాంటిది ‘ది ఎక్సార్సిస్ట్’. విలియం పీటర్ బ్లాటీ 1971లో నవల రాశాడు, 1973లో సినిమా వచ్చింది. చిన్నపిల్లకు దయ్యం పడుతుంది. వదిలించడానికి వచ్చిన ఇద్దరు కేథలిక్ ఫాదర్లూ చివరికి చనిపోతారు.

సినిమా అయ్యాక టౌన్ నుంచి వచ్చిన దోస్తు ఒకడు "మీ ఊళ్లలో ఇదంతా మామూలేగా" అన్నాడు. మాకు నవ్వు రాలేదు. మేం కోయ పిల్లలం, పూనకాలు చూస్తూ పెరిగాం. మేడారంలో సమ్మక్క తల్లి చిలకలగుట్ట దిగి వస్తుంటే ఎంతమందికి పూనకం వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ "బయటికి పో" అని ఎవరూ అరవరు. "ఏం కావాలి తల్లీ" అని అడుగుతారు. సినిమాలో వచ్చింది శత్రువు, మన దగ్గరికి వచ్చేది ఇంటి పెద్ద.

ఇంకో సంగతి. నవలలో ఆ దయ్యం పేరు పజుజు. పేరు ఇరాక్ పాతకాలం నాటిది. అక్కడి వాళ్లూ దానికి భయపడేవాళ్లే. కానీ పసిపిల్లల్ని ఎత్తుకుపోయే లమష్తును తరిమేది కూడా అదేనని, గర్భిణులకు, బాలింతలకు కాపలాగా దాని బొమ్మ పెట్టుకునేవాళ్లు. అక్కడి కాపలాదారు ఈ కథలోకి వచ్చేసరికి ఉత్త దయ్యం అయిపోయాడు. మన వేల్పుల్ని దయ్యాలన్న మాట విన్నవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది.

కథ సంగతి అది. నిజంగా జరిగింది కూడా ఒకటుంది. జర్మనీలో అన్నెలీసె మిషెల్ అనే కాలేజీ అమ్మాయికి మూర్ఛ ఉందని డాక్టర్లు మందులిచ్చారు. తర్వాత దయ్యమని నమ్మి ఇద్దరు ఫాదర్లు నెలల తరబడి ప్రార్థనలు చేశారు. ఆమె తిండి మానేసి, చిక్కి శల్యమై, 1976లో 23 ఏళ్లకే చనిపోయింది. 1978లో కోర్టు తల్లిదండ్రులకూ ఫాదర్లకూ శిక్ష వేసింది. 2005లో వచ్చిన ‘ఎమిలీ రోజ్’ సినిమాకు ఆధారం ఈమె కథే. కేథలిక్ చర్చిలో బిషప్ అనుమతి లేకుండా ఈ పని చేయకూడదు. 1999లో వచ్చిన కొత్త పద్ధతి కూడా జబ్బును దయ్యం అనుకోవద్దని హెచ్చరిస్తుంది.

మన గూడేల్లో చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు, వేల్పులకు మొక్కేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ దోమ ఒకటే. మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి పలవరిస్తాడు, ఫిట్స్ వస్తాయి, మనవాళ్లనే గుర్తుపట్టడు. చూసేవాళ్లకు అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటుంది. అప్పుడు ఒక్క రాత్రి ఆలస్యమైనా ప్రాణం పోవచ్చు.

ఇంకా భయం ఎక్కడంటే, సినిమాలో ఫాదర్ దయ్యం పేరు అడుగుతాడు. మన దగ్గర మంత్రగాడు "చేసిందెవరు" అని అడుగుతాడు. అప్పుడు బయటికొచ్చే పేరు ఒంటరి ముసలమ్మదో, భూమి తగాదా ఉన్న పక్కింటాయనదో అవుతుంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

అందుకే మా హాస్టల్ పిల్లలం ఒక మాట అనుకున్నాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరైనా జ్వరంతో పలవరిస్తే ముందు ఆశా అక్కను పిలిచి రక్తం పరీక్ష చేయిద్దాం, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోదాం. మొక్కు మనిషి లేచాక తీర్చుకోవచ్చు, వేల్పు ఏమీ అనుకోదు. ఎవరి పేరైనా బయటికొస్తే, ఆ ఇంటి ముందు మనం నిలబడదాం.

మీ ఊళ్లలో ఎలా ఉందో రాయండి.

జై ఆదివాసీ.